ఆదివారం పప్పు

మా హాస్టల్లో ఆదివారం అంటే కోడికూర. నేను చేరిన ఏడు ఆ పూట కూడా పప్పే తినేవాళ్ళం ఇద్దరమే. ఒకడు పాలమూరు దిక్కు నుంచి వచ్చిన గుడి పూజారి కొడుకు. రెండోవాణ్ణి నేను, కేతేపల్లి దగ్గరి ఒక ఊరి ముల్లా సాబు కొడుకుని. వాడు తినకపోవడంలో వింతేమీ లేదు. సాయిబుల పిల్లవాడు కోడికూర గిన్నె దాటిపోయి పప్పు గిన్నె ముందు నిలబడటమే హాస్టల్‌కంతా వింత. మొదటి నెలలోనే నాకు పంతులు అని పేరు పెట్టారు. అసలు పంతులు కొడుకు పక్కనే ఉండగా ఆ బిరుదు నాకు దక్కింది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల మాత్రం ఆ మసాలా వాసనకు నోట్లో నీళ్ళూరి ప్రాణం పోయేది.

ఎనభైల చివరి మాట ఇది. నల్లగొండ ఊరి అంచున ఉన్న కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాంసమంటే ఇష్టం లేక కాదు నేను పప్పు తిన్నది. ఇష్టం మామూలుగా ఉండేది కాదు. మా ఇంట్లో అన్నానికి తక్కువైన రోజులున్నాయి గానీ కూరకు తక్కువైన పండుగ లేదు. ఎందుకంటే మా ఊళ్ళో కోళ్ళన్నీ మా నాయిన చేతి మీదుగానే పోయేవి. నాలుగు గోడల మధ్య ఆయన్ని అబ్బా అనేవాళ్ళం, గడప దాటితే ఊరి పిల్లలందరిలాగే నాయిన అనేవాళ్ళం.

మా ఊళ్ళో కోడిని ఎవరూ ఇంట్లో కొయ్యరు. కాళ్ళు కట్టి, చంకలో పెట్టుకుని, మసీదు అరుగు దగ్గరికి తెస్తారు. "ముల్లా సాబ్, సుట్టాలొచ్చిండ్రు, జర కోసియ్యి" అంటారు. నాయిన చేతిలో పని పక్కన పెట్టి లేచేవాడు. దేవుని పేరు తలచి కత్తి పెట్టేవాడు. రైతు ఇంట్లో పెండ్లయినా, గొల్లవాళ్ళ ఇంట్లో దావతయినా, మాలవాడలో పండుగయినా యాటపోతును, అంటే మేకపోతును, కొయ్యడానికి పొద్దు పొడవకముందే ఆయనకు పిలుపు వచ్చేది. ఆయన కొయ్యని కూరను ఊళ్ళో పెద్దవాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. పెండ్లికి చాకలి ఎట్లాగో, మంగలి ఎట్లాగో, దావతుకు ముల్లా అట్లాగే. కల్లాల రోజుల్లో అందరితోపాటు ఆయన వంతు గింజలు ఆయనకు పోసేవారు.

యాట కాళ్ళు పట్టుకునే పని నాది. తర్వాత్తర్వాత కత్తి పట్టడం కూడా నేర్పాడు. నాకు ఆ పని నచ్చేది కాదు. బడిలో నన్ను పేరుతో పిలిచిన వాళ్ళు తక్కువ, ముల్లా కొడుకు అన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఎగతాళికి అనలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం కత్తి పట్టకుండా బతకాలంటే చదువొక్కటే దారి అనుకున్నాను. మిగతా పిల్లలు ఉద్యోగం కోసం చదువుకుంటే నేను కోళ్ళ నుంచి తప్పించుకోవడానికి చదువుకున్నాను.

తీరా హాస్టల్‌కొస్తే అక్కడా కోళ్ళే ఎదురొచ్చాయి. మొదటి ఆదివారం వంటగది వెనక్కి పోయి వంటాయన్ని అడిగాను, ఎవరు కోశారని. "ఎవలు కోస్తరు, నేనే. మెడ తిప్పితె ఒడిసిపాయె" అన్నాడు, ఉల్లిగడ్డలు తరుగుతూ. నేను వచ్చి పప్పు వడ్డించుకున్నాను. ఏమైందని పక్కవాడు అడిగితే, నేను నీసు తిననన్నాను. మా కాలేజీలో ఊరి సాయిబుల పిల్లలు ఉన్నారు గానీ సాయంత్రానికి ఎవరి ఇంటికి వాళ్ళు పోయేవాళ్ళు. హాస్టల్లో ఉన్నది నేనొక్కణ్ణే. వచ్చీ రాగానే నా ఒక్కడి నోటి కోసం పద్ధతి మార్చండి అనడానికి నోరు రాలేదు. ఒకవేళ అంటే, సరే మరి కోసేదెవరు అని అడుగుతారు. అది ఎటు పోయి ఎవరి మెడకు చుట్టుకుంటుందో నాకు తెలుసు.

తమాషా ఏమిటంటే, ఆ హాస్టల్లో సగానికి పైగా రైతు బిడ్డలు. వాళ్ళంతా చిన్నప్పుడు చంకలో కోడిని పెట్టుకుని ముల్లా దగ్గరికి పరుగెత్తినవాళ్ళే. అయినా ఒక్కడికీ అనుమానం రాలేదు. ముల్లా కొయ్యడమనేది వాళ్ళ దృష్టిలో వాళ్ళ ఊరి ఆచారం, వాళ్ళ అవ్వల పట్టింపు. దానికీ నా పళ్ళెంలో పప్పుకూ సంబంధం ఉందని తట్టలేదు. ఊరు దాటారు కాబట్టి ఊరి ఆచారం కూడా దాటామనుకున్నారు. చదువుకున్నవాళ్ళం కదా.

పట్టుకున్నవాడు పూజారి కొడుకొక్కడే. ఇద్దరం చివరి బెంచీ మీద పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళం. ఒక ఆదివారం నా ముఖంలోకి చూసి మెల్లగా అడిగాడు.

"నువ్వు తినవా, నీకు తినరాదా?"

"రెండిటికి ఫరకేముంది?"

"శానా ఉంది. నాకు తినబుద్ధి గాదు. నువ్వు మాత్రం గా గిన్నె దిక్కు చూస్తనే ఉంటవు."

దేవుని పేరు తలచి కొయ్యని కూర మాకు తినరాదని చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. వాడు తల ఊపి, తన పళ్ళెంలో మామిడికాయ తొక్కు సగం తీసి నా పళ్ళెంలో వేశాడు. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ పంపిన తొక్కులో సగం నాది. ఆమె చేతి తొక్కు నా ఆదివారాలను కాపాడింది.

రెండో ఏడు గాలి మారింది. రిజర్వేషన్ల గొడవలు పత్రికల నిండా ఉండేవి. హాస్టల్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. కానీ భోజనాల గదిలో బెంచీలు పంచుకున్నట్టయింది. ఏ బెంచీ ఎవరిదో గోడ మీద రాయలేదు గానీ అందరికీ ఎరుకే. అన్నం తినేటప్పుడు వినిపించే కేకలు, పాటలు తగ్గిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు అస్సలు నచ్చలేదు. నవ్వులాటలు లేని చోట మెతుకు దిగదు నాకు.

సరిగ్గా అప్పుడే గంటె పంచాయితీ వచ్చింది. వంటాయన తొందరలో కోడికూర కలిపిన గంటెనే పప్పులో పెట్టాడు. పూజారి కొడుకు ఆ పూట లేచిపోయాడు. తర్వాత మెస్ సెక్రటరీ దగ్గరికి పోయి, పప్పుకు వేరే గంటె పెట్టించమని మర్యాదగానే అడిగాడు. అడిగింది గంటె. సాయంత్రానికి అది పొయ్యి అయింది. ఆ ఏడు కొత్తగా చేరిన, నీసు తినని నలుగురిలో ఒకడు, తిననివాళ్ళకు వేరే పొయ్యి పెట్టాలన్నాడు. అట్లయితే మాదీ మేమే వండుకుంటామని ఇంకో బెంచీ అంది. మూడో బెంచీ కూడా అదే మాట. గోరంత గంటె కొండంత అయింది.

మా దిక్కు పొయ్యి వేరయిందంటే ఇల్లు విడిపోయిందని అర్థం. అన్నదమ్ములు వేరుపడ్డారని చెప్పడానికి పొయ్యి వేరయిందంటే చాలు. పూజారి కొడుకు ఆ రోజంతా తల పట్టుకుని కూర్చున్నాడు. "నేను గంటె అడిగిన. పొయ్యి ఎవలు అడిగిండ్రు?" అన్నాడు నాతో.

నా సంగతి ఇంకా అన్యాయం. పొయ్యిలు వేరయితే నేను ఎక్కడ కూర్చోవాలి? కోడికూర పొయ్యి దగ్గర ఆదివారం నాకు తిండి లేదు. తిననివాళ్ళ పొయ్యి కావాలని ముందు నిలబడ్డ ఆ కొత్తవాడు, సాయిబుల పిల్లవాణ్ణి మా దాంట్లో ఎట్లా కలుపుకుంటామని నా ముందే నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి కోపం చూపించే వీలు లేకపోయింది. రెంటికి చెడ్డ రేవడినయ్యాను. ఇక మిగిలింది ఇంటి నుంచి రోజూ వచ్చిపోవడం. మా ఊరి నుంచి కేతేపల్లి, అక్కడి నుంచి నకిరేకల్, నకిరేకల్ నుంచి ఇంకో బస్సు. సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యేసరికి ఆఖరు బస్సు పోతుంది. ప్రాక్టికల్స్ లేకుండా కెమిస్ట్రీ లేదు. అంటే పొయ్యి వేరయితే నా చదువు అంతటితో సరి. ఆ మాట పైకి అనలేక, మింగలేక వారమంతా తిరిగాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీటింగ్ పెట్టి తేల్చుదామన్నారు.

ఆ నెల మెస్ సెక్రటరీ దేవరకొండ దిక్కు రైతు బిడ్డ. ఎవరి బెంచీకీ పోకుండా నిలబడి తినే మనిషి. సరిగ్గా ఆ ఆదివారం పొద్దున వాళ్ళ అమ్మానాన్నలు, వాడి మాటలో అవ్వ, బాపు, దిగారు. వెంట ఒక యాటపోతు. బస్సు మీద కట్టి తెచ్చారట, అది అప్పటికే దారంతా అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. వాళ్ళ చెలకలో ఎన్నో బోర్లు వేస్తే ఎట్టకేలకు ఒక దాంట్లో నీళ్ళు పడ్డాయి. నీళ్ళు పడితే కొడుకు హాస్టల్ పిల్లలందరికీ దావత్ ఇస్తానని బాపు మొక్కుకున్నాడు. నల్లగొండ జిల్లాలో బోరులో నీళ్ళు పడటమంటే మాటలు కాదు. మొక్కు తీర్చకపోతే పడ్డ నీళ్ళు కూడా వెనక్కి పోతాయని ఆయన భయం.

ఆయన తలకు రుమాలు బిగించి, యాటను వేపచెట్టుకు కట్టి, చుట్టూ చూశాడు.

"ముల్లా ఏడున్నడురా?"

"ముల్లా లేడు బాపూ. ఈడ వంటాయననే కోస్తడు" అన్నాడు కొడుకు.

"గట్లెట్ల? మీ అవ్వ ముడుతదా?"

అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న అవ్వ, ముట్టనన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె వక్క నములుతోంది, మాట్లాడే తీరిక లేదు.

వేరే పొయ్యి కావాలన్నవాళ్ళలో ఒకడు కలగజేసుకున్నాడు. "పెద్దాయినా, మనకు ముల్లా ఎందుకే? మన యాట మనం కోసుకుంటం. గియ్యన్ని పాతకాలపు ముచ్చట్లు."

బాపు వాడి వైపు కోపంగా ఏమీ చూడలేదు. అర్థం కాని ప్రశ్న అడిగినట్టు చూశాడు. "దావతంటె ఊరందరు కూసొని తినాలె గద బిడ్డా. మనం కోస్తె సాయిబులు ఎట్ల తింటరు? వాళ్ళ చేతుల కోపిస్తె మనమూ తింటం, వాళ్ళూ తింటరు. మా తాతల కాన్నుంచి గంతే. ఏం, ఈడ సాయిబుల పిలగాళ్ళు లేరా?"

సెక్రటరీ నా వైపు తిరిగాడు. వాడి వెనకే ఒక్కొక్క తల తిరిగింది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను, అది తలకిందులుగా ఉందో లేదో కూడా చూసుకోలేదు.

"అరె," అన్నాడు సెక్రటరీ, "గందుకేనా నువ్వు..."

"ఆ, గందుకే" అన్నాడు పూజారి కొడుకు, నేను నోరు తెరిచేలోపే. దాచమన్న మాటను వాడు అన్నాళ్ళు దాచాడు. ఇక దాచలేకపోయాడు.

నాకు సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కడికీ తట్టని సంగతి ఆ పెద్దమనిషి బస్సు దిగి, యాటను కట్టేసి, మామూలుగా అనేశాడు. ఒకడు నన్నే నిలదీశాడు. "మరి అడగాలె గద! అడగందే అమ్మయినా పెట్టదు."

"మీ అమ్మ గాకుంటె మా అమ్మ పెడ్తది" అన్నాను. అది జవాబు కాదు, కోపం. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. వారం రోజులుగా ఆ ఆవరణలో ఎవరూ అట్లా నవ్వలేదు.

ఇక ముల్లాను తేవడానికి సైకిలు మీద ఊళ్ళోకి ఎవరు పోతారని మాటలు మొదలయ్యాయి. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. ఊళ్ళోకి పోతే ఎవరో ఒకరు దొరుకుతారు, నా చేతికి రక్తం అంటదు. ముల్లా కొడుకుననే పేరు ఈ హాస్టల్‌కు తెలియకుండానే చదువు ముగించుకుని పోవచ్చు. కానీ ఆ యాట ముందు బాపు నిలబడ్డ తీరు చూస్తే మా నాయిన గుర్తొచ్చాడు. ఎవరి ఇంట్లో పెండ్లయినా పొద్దు పొడవకముందే లేచి పోయి, అందరూ తినేలా చేసి వచ్చే మనిషి. ఆయన పనిని నేను ఇన్నేళ్ళు కోళ్ళ పని అనుకున్నాను. ఊరిని ఒక్క పంక్తిలో కూర్చోబెట్టే పని అని ఆ రోజే తెలిసింది.

"ఎక్కడికీ పోవద్దు. నేనే కోస్త. మా నాయిన ముల్లా" అన్నాను.

తలలన్నీ మళ్ళీ నా వైపు తిరిగాయి. బాపు మాత్రం ఆశ్చర్యపోలేదు. "మంచిగాయె. కత్తి సూసుకో బిడ్డా, మొద్దుగుంటె పాపం" అన్నాడు.

వంటాయన కత్తిని నేనే రాయి మీద నూరాను. యాటకు నీళ్ళు తాపించి, పడుకోబెట్టి, దేవుని పేరు తలచి, నాయిన చెప్పినట్టే ఒక్క కోతలో ముగించాను. లేచి చూస్తే పూజారి కొడుకు బకెట్ నీళ్ళు, చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం పూర్తిగా అటు తిప్పుకున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అట్లాగే నీళ్ళు పోశాడు. సగం నీళ్ళు నా చేతుల మీద పడ్డాయి, సగం వాడి కాళ్ళ మీద పడ్డాయి.

మధ్యాహ్నం బెంచీలు తీసి గోడ పక్కన పెట్టి, నేల మీద పంక్తులు వేయించాడు బాపు. దావతు బెంచీల మీద తినరట. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో చూసుకునే లోపే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశాడు. అవ్వ విస్తరి ముందు కూర్చుని అడిగింది.

"ఎవలు కోసిండ్రు?"

"గీ పిలగాడే అవ్వా. ముల్లా కొడుకు" అన్నాడు సెక్రటరీ.

"మరి గాయినకు ముందుగాల వెయ్యిండ్రి" అంది అవ్వ.

ఆ హాస్టల్లో నేను తిన్న మొదటి ముద్ద కూర అది. ఏడుపొచ్చింది. దాచుకుందామన్నా ఆగలేదు. అవ్వ నా వైపు చూసి, ఇంకా వెయ్యమని వంటాయనకు చెప్పింది. నేను ఆకలితో ఏడుస్తున్నాననుకుందేమో. ఒక రకంగా అది కూడా నిజమే.

మీటింగ్ ఆ పంక్తుల్లోనే జరిగింది, విస్తర్లు ఎత్తగానే. పొట్ట నిండినవాళ్ళు కొట్లాడలేరు. నేను లేచి రెండు మాటలు మాట్లాడాను. పొయ్యి వేరయితే నాకు ఏ పొయ్యి దగ్గరా జాగా లేదని, చదువు మానుకుని పోవాల్సి వస్తుందని చెప్పాను. ఎవరినీ తప్పుపట్టలేదు. పూజారి కొడుకు లేచి, నాకు గంటె చాలు, పొయ్యి వద్దన్నాడు. సెక్రటరీ తన మాటగా చెప్పింది ఒక్కటే: పప్పు ముందు వండాలె, దాని గంటె, గిన్నె దానికే ఉండాలె, కోడి ముల్లా చేత కోపియ్యాలె, పొయ్యి మాత్రం ఒక్కటే. చాలామంది సరేనన్నారు. అందరూ కాదు. ఇద్దరు అలిగి ఊళ్ళో గది కిరాయికి తీసుకుని పోయారు. ఒకడు తిరిగి వచ్చాడు, ఇంకొకడు రాలేదు. బెంచీల మీద ఎవరి జాగా వాళ్ళదే అన్న పట్టింపు కూడా ఒక్కరోజులో పోలేదు. తగ్గుతూ వచ్చింది, అంతే. అట్లాంటివి అట్లాగే పోతాయి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయినకు అంతా చెప్పాను. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఆయన చిలుము తుడుస్తున్న కత్తి మీద నుంచి తల ఎత్తకుండా, "నీళ్ళు తాపించినవా దానికి, కోసే ముంగట?" అన్నాడు. తాపించానన్నాను. సరేనని మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ సరే నాకు చాలా రోజులు సరిపోయింది.

ఆ ఏడు మిగిలిన ఆదివారాలన్నీ కోళ్ళు నేనే కోశాను. తప్పించుకోవడానికి చదువుకుని, చదువుకున్న చోటే పట్టుబడ్డాను. పరీక్షలు అయిపోయాక, గదులు ఖాళీ చేసే ముందు, సెక్రటరీగా చేసిన ఆ దేవరకొండ పిల్లవాడు నన్ను సైకిలు ఎక్కించుకుని ఊళ్ళోకి తీసుకుపోయాడు. ఎందుకో చెప్పలేదు. ఒక మసీదు ముందు ఆపి, అక్కడి ముల్లా సాబుకు నన్ను చూపించి, వచ్చే ఏడాది నుంచి ఆదివారం పొద్దున మా వంటాయన కోళ్ళు తెస్తాడు, జర కోసివ్వండని మాట తీసుకున్నాడు.

బయటికొచ్చాక నవ్వొచ్చి అడిగాను. "నేను పోతున్న గద. వచ్చే యేడు హాస్టల్‌ల సాయిబు ఎవడున్నడురా?"

వాడు సైకిలు స్టాండు తీస్తూ అన్నాడు. "ఎవడో ఒకడు వస్తడు గద. వచ్చినోడు రెండేండ్లు పప్పు తిని, అటెంక మనకు చెప్పాల్నా?"